అరకు వలిసె చేలో మా బాబును ఒళ్లోకి తీసుకున్న అక్కకు

నవంబరులో పిల్లలతో, అత్తయ్యగారితో విశాఖ నుంచి అరకు వెళ్లాం. ఆ రోజుల్లో లోయంతా వలిసె పూలతో పసుపుపచ్చగా మెరుస్తుంటుంది. నూనె గింజల కోసం గిరిజన రైతులు వేసే పంట అది. మనిషికి కొంత డబ్బు తీసుకుని చేలోకి ఫొటోలకు రానిస్తారు. అక్కడే మా ఐదేళ్ల బాబును చెంప మీద తేనెటీగ కుట్టింది.

వాడి ఏడుపుకి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆస్పత్రి ఎక్కడుందో తెలీదు, ఫోన్లో సిగ్నల్ లేదు. గట్టు మీద డబ్బులు వసూలు చేస్తున్న మీరు పరుగున వచ్చారు. "ఏటీ అవదమ్మా, భయపడకు" అంటూ వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, గోటితో ముల్లు గీకి తీసేశారు. మీ తువ్వాలు చల్లటి నీళ్లలో తడిపి చెంపకు అద్దుతూనే ఉన్నారు.

అంతలో టూరిస్టు బస్సు ఆగింది. జనమంతా చేలోకి దిగుతున్నా మీరు వాళ్ల వైపు చూడలేదు. పూలుండేదే కొన్ని వారాలు, ఆ కాస్త రాబడీ అప్పుడే. అయినా పెదాలు వాచాయా, ఊపిరి బాగా ఆడుతోందా అని వాణ్నే చూస్తూ, వాడు నవ్వేదాకా మీరు లేవలేదు. అదే నేను మరిచిపోలేకపోతున్నాను. అత్తయ్యగారు డబ్బులివ్వబోతే, "పిల్లాణ్ని చూసినందుకు డబ్బులా?" అని ఆవిడ చేతిని వెనక్కి తోసేశారు.

వాపు మర్నాటికే తగ్గిందక్కా. బాబు బాగున్నాడు. మీకు మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు.

అరకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: చేలోకి వెళ్లడానికి అడిగిన డబ్బు దగ్గర దయచేసి బేరమాడకండి.