కాంగో పిల్లలను చంపింది ఆకలి: అది వార్త కాదా?

సంపాదకునికి,

2024 డిసెంబరు మొదటి వారంలో కాంగోలో 'అంతుచిక్కని రోగం' అంటూ మీరు మొదటి పేజీలో వేసిన వార్త చదివి మా వీధిలో సగం మంది మళ్లీ మాస్కులు వెతుక్కున్నారు. నెలాఖరుకు అసలు సంగతి తేలితే మాత్రం లోపలి పేజీ అడుగున, ఒక నగల ప్రకటన కింద, రెండు వాక్యాలతో సరిపెట్టారు.

క్వాంగో రాష్ట్రంలోని పాంజీలో అక్టోబరు 24 నుంచి డిసెంబరు 5 దాకా 406 మంది జబ్బుపడ్డారు. 31 మంది చనిపోయారు. పోయినవారిలో సగానికి పైగా అయిదేళ్లలోపు పిల్లలు. తీరా చూస్తే మలేరియా, ఫ్లూ, మామూలు జలుబు కలిగించే వైరస్‌లు! ప్రాణం మీదికి వచ్చినవాళ్లంతా తిండి లేక శల్యమైనవాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. చాలినంత తిండి లేని బిడ్డకు రోగాన్ని ఎదిరించే కణాలను తయారుచేసే థైమస్ గ్రంథే కుంచించుకుపోతుంది. ఒక్కోసారి లోపల క్రిములు చెలరేగుతున్నా ఒళ్లు వెచ్చబడదు, తల్లి గుర్తుపట్టేసరికి ఆలస్యమైపోతుంది. జబ్బుపడ్డ బిడ్డ ముద్ద ముట్టదు, మరింత చిక్కిపోతుంది. అదే జలుబు మా మనవడికి వస్తే రెండు రోజులు ముక్కు కారి, మూడో రోజు బడికి వెళ్తాడు.

పాంజీ నుంచి దేశ రాజధాని కిన్షాసాకు 700 కిలోమీటర్లు. రోడ్డు మీద రెండు రోజులు. రోగుల నమూనాలను పరీక్షకు 500 కిలోమీటర్ల అవతల ఉన్న కిక్విట్‌కు పంపాల్సి వచ్చింది. ప్రపంచంలో తవ్వితీసే కోబాల్టులో సగానికి పైగా ఆ దేశానిదే. మన జేబుల్లోని ఫోన్ల బ్యాటరీల్లో వాడేది ఆ లోహమే. అంత సంపద ఉన్న దేశంలో రోడ్డుకు డబ్బుండదు, ల్యాబుకు డబ్బుండదు, పిల్లవాడి పళ్లెంలోకి పప్పుకు అసలే ఉండదు. అక్కడి పాలకులు మనవాళ్ల దగ్గరే పాఠాలు నేర్చుకున్నారేమో!

మనం మాత్రం ఏం వెలగబెట్టాం? ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి ముప్ఫై మందికి పైగా వయసుకు తగ్గ ఎత్తు లేరని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దానికి మీరెన్ని కాలమ్‌లు కేటాయించారో ఒకసారి పాత సంచికలు తిరగేసి చూసుకోండి. రోగం విమానమెక్కి మన దాకా వస్తుందంటేనే ఆఫ్రికా మీకు గుర్తొస్తుంది. పాంజీలో ఆకలి అప్పటికే కొన్ని నెలలుగా ముదురుతూ వచ్చింది, ఒక్క ముక్క రాశారా?

మా పేటలో అంగన్‌వాడీకి కొంతకాలంగా గుడ్లు రావడం లేదు. అడిగితే పై నుంచి సరుకు రాలేదంటారు, పైవాళ్లను అడిగితే బిల్లులు తేలలేదంటారు. మీ విలేకరిని పంపండి, దారి నేను చూపిస్తాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి