నోటిపూతకు ఏ రక్తపరీక్ష?

సంపాదకులకు,

పదేపదే నోటిపూత వచ్చేవారు ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) సూచించే సీఆర్‌పీ, ఈఎస్ఆర్ రక్తపరీక్షలు చేయించుకుని, నార్మల్ అని రాగానే ఊరుకుంటున్నారు. అది పొరపాటు. చిన్న పుండ్ల వాపు నోటికే పరిమితం కనుక సీఆర్‌పీ సాధారణంగా పెరగదు. ఈఎస్ఆర్ రక్తహీనతలోనూ, వయసుతోనూ పెరుగుతుంది. వాపుకు గుర్తుగా చూసే మరో లెక్క, న్యూట్రోఫిల్, లింఫోసైట్ అనే తెల్ల రక్తకణాల నిష్పత్తి; దాన్ని స్టెరాయిడ్ మాత్రలే తారుమారు చేస్తాయి. వాడుతుంటే వైద్యుడికి తప్పక చెప్పాలి.

ముందు చూడాల్సినవి హిమోగ్రామ్ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపేది), విటమిన్లైన బి12, ఫోలేట్. ఇక్కడో చిక్కుంది: ఒంట్లో వాపు ఉంటే ఫెరిటిన్ పెరిగి ఇనుము లోపాన్ని కప్పేస్తుంది. అందుకే దాన్ని సీఆర్‌పీ పక్కన పెట్టి చదవాలి. సీఆర్‌పీ బాగా పెరిగి, జననాంగాల వద్ద పుండ్లు, కళ్ల ఎరుపు, రక్త విరేచనాలు కూడా ఉంటే బెషెట్ (రక్తనాళాల వాపు), క్రోన్స్ (పేగుల వాపు) వ్యాధులేమో చూడాలి. ఒకే పుండు 3 వారాలైనా మానకపోతే రక్తపరీక్షలతో కాలయాపన వద్దు, బయాప్సీ (పుండు ముక్క తీసి చేసే పరీక్ష) అవసరమేమో వెంటనే వైద్యుణ్ని అడగండి.

- నోటి వ్యాధుల వైద్యులు