కొత్తగా రిపేరు చేసిన ఇంజనే ఎందుకు ఆగుతుంది?

సంపాదకులకు,

నెల్లూరు జిల్లా దగదర్తి విమానాశ్రయం మాట వచ్చినప్పుడల్లా మన జిల్లాలో పైలట్ శిక్షణ, విమాన మెకానిక్కు కోర్సుల గురించి కూడా మాట్లాడుకుంటున్నారు. చిన్న విమానం ఇంజన్ గాల్లో ఆగిందని వార్త వస్తే మాత్రం చాలామంది అడిగేది ఒకటే: "మొన్ననే కదా సర్వీసింగ్ అయింది?" అసలు కారణం అదే కావచ్చు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ కోస్టల్ కమాండ్ (సముద్రం మీద గస్తీ తిరిగే వైమానిక దళ విభాగం) విమానాలకు 50 గంటలకోసారి తనిఖీ చేసేవారు. శాస్త్రవేత్త సి.హెచ్. వాడింగ్టన్ బృందం లెక్కలు తీస్తే, తనిఖీ అయిన వెంటనే రిపేర్లు ఎక్కువగా వచ్చి, గంటలు గడిచేకొద్దీ తగ్గుతున్నట్టు తేలింది. చెయ్యి పెట్టిన చోటే తప్పు దొర్లుతుంది.

పైలట్ శిక్షణకు వాడే సెస్నా 172 తరహా చిన్న విమానాల్లో ఉండే, లైకోమింగ్ కంపెనీ నాలుగు సిలిండర్ల ఇంజన్‌నే తీసుకోండి. సిలిండర్‌ను పట్టి ఉంచే అరంగుళం నట్లకు 600 అంగుళం-పౌండ్లు (బిగించే బలానికి కొలత), 3/8 అంగుళం నట్లకు 300 బిగువు ఉండాలి. అరంగుళం నట్లను ముందు 300కి, ఆ తర్వాత 600కి తేవాలి. మరలకు చెప్పిన నూనె రాయకుండా పొడిగా బిగిస్తే బిగువు కొలిచే టార్క్ రెంచ్ 600 చూపిస్తుంది కానీ ఆ బలం చాలావరకు రాపిడికే పోతుంది, బోల్టు సాగవలసినంత సాగదు. సిలిండర్ అడుగు అంచు (ఫ్లాంజ్) మీద నట్టు కూర్చునే చోట పెయింట్ వదిలేసినా అంతే. వేడికి పెయింట్ నలిగి, బిగువు జారిపోతుంది. ఆటోనగర్‌లో లారీ చక్రం నట్లు చేతి అంచనాతో బిగించే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇంకో చిక్కు. ఆ నట్లను అందుకోవడానికి వంకర పానా తగిలిస్తే రెంచ్ పొడవు పెరుగుతుంది. 18 అంగుళాల రెంచ్‌కు తిన్నగా 2 అంగుళాల పానా తగిలిస్తే, నట్టుకు 600 అందాలంటే రెంచ్‌ను 540 దగ్గర సెట్ చేయాలి. 600 పెడితే నట్టు మీద పడేది దాదాపు 667.

పొడవాటి త్రూ బోల్టులు సిలిండర్లతో పాటు క్రాంక్‌కేసు (ఇంజన్ లోపలి ఇరుసు ఉండే పెట్టె) రెండు సగాలనూ కలిపి పట్టి ఉంచుతాయి. సిలిండర్ విప్పాక వాటిని వదులుగా ఉంచి ప్రొపెల్లర్ తిప్పితే ఆ ఇరుసును మోసే మెయిన్ బేరింగ్ జరిగి ఆయిల్ రంధ్రం మూసుకుపోవచ్చు. ఆ తప్పు ఆ రోజు బయటపడదు. కొన్ని గంటలు ఎగిరాక బేరింగ్ కాలుతుంది.

ఆయిల్ ఫిల్టర్ మార్చేటప్పుడు పాత గ్యాస్కెట్ అతుక్కునే ఉండి, దాని మీదే కొత్తది పడితే 8 క్వార్టుల (సుమారు ఏడున్నర లీటర్ల) ఆయిల్ నిమిషాల్లో బయటికి పోతుంది. ఫిల్టర్ వదులు కాకుండా కట్టే సేఫ్టీ వైరు మరవడం కూడా ఇలాంటిదే.

ఇంజన్ ఆగితే సెస్నా వెయ్యి అడుగుల ఎత్తు నుంచి సుమారు రెండున్నర కిలోమీటర్లు జారగలదు, అంతే. ఇందుకూరుపేట వైపైతే కింద కనిపించేవి రొయ్యల గుంటలు, కట్టలు. అందుకే సిలిండర్ పని అయ్యాక ముందు నేల మీదే ఇంజన్ నడిపి, ఆపాక కౌలింగ్ (ఇంజన్ మీది మూత) విప్పి చూడాలి. స్టార్ట్ చేసిన 30 సెకన్లలోపు ఆయిల్ ప్రెషర్ రావాలి. ఎగిరిన మొదటి గంట రన్‌వేకు దగ్గర్లోనే గాల్లో తిరగాలి, విద్యార్థిని ఎక్కించకూడదు. నట్లు బిగించినవాడు కాక వేరొకరు మళ్లీ చూసి సంతకం పెట్టాలి.

కావలి, ఒంగోలు నుంచి పిల్లల్ని ఈ కోర్సులకు పంపే తల్లిదండ్రులు హాస్టల్, ప్లేస్‌మెంట్ గురించి అడుగుతారు. వర్క్‌షాప్‌లోకి వెళ్లి టార్క్ రెంచ్ మీద క్యాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందని పరీక్షించిన) తేదీ ఉందో లేదో, విద్యార్థులు తమ చేతులతో సిలిండర్ విప్పి బిగించే ఇంజన్ ఉందో లేదో కూడా అడగండి.

– ఒక విమాన నిర్వహణ ఇంజినీరు, నెల్లూరు