సౌండ్ కార్డు కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. గ్రామఫోన్ రికార్డులకు మళ్లీ మంచిరోజులు వచ్చాయని, కుర్ర డీజేలు కూడా టర్న్‌టేబుళ్లు (రికార్డు తిప్పే యంత్రాలు) కొంటున్నారని పోయిన ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. బాగుంది. అందులో ఒక్క వాక్యం మాత్రం కంట్లో నలుసులా పడింది. "మంచి సౌండ్ కార్డు ఒకటి కొని ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే సరిపోతుంది" అన్నారు. సౌండ్ కార్డంటే ల్యాప్‌టాప్‌లోకి శబ్దాన్ని తీసుకుని, బయటికి పంపే డబ్బా. అచ్చం ఇదే మాట విజయవాడలో ఒక షాపువాడు చెబితే నమ్మి, మా తమ్ముడి కొడుకు 14 వేలు వదిలించుకున్నాడు. అందుకే ఈ ఉత్తరం.

నేను తెనాలిలో 30 ఏళ్లకు పైగా రేడియోలు, మైకుసెట్టు ఆంప్లిఫయర్లు బాగుచేసి బతికినవాణ్ణి. చూపు ఆనక షాపు తీసేశాను గానీ సోల్డరింగ్ ఐరన్ మాత్రం ఇంకా మంచం పక్కనే ఉంటుంది. మావాడు పెళ్లిళ్లకు, సంగీత్‌లకు డీజే కొడతాడు. వాడికి కొత్తగా పట్టిన పిచ్చి ఏమిటంటే, చెయ్యి రికార్డు ప్లేటు మీద ఉండాలి, పాట ల్యాప్‌టాప్‌లో ఉండాలి.

ఇదేం గారడీరా అని మొదట నవ్వాను. చూశాక నోరు మూసుకున్నాను. ఆ ప్లేటు మీద పాటేమీ ఉండదు. సూది పెడితే 'కూ' అని ఒకటే కూత, 1000 హెర్ట్జ్. ఎడమ చానల్ కూతకీ, కుడి చానల్ కూతకీ మధ్య అలలో పావు వంతు తేడా పెట్టి కోస్తారు. ప్లేటును జోరుగా తోస్తే కూత శ్రుతి పెరుగుతుంది, చెయ్యి పెట్టి ఆపితే ఆగుతుంది, వెనక్కి తిప్పితే ఎడమ కుడిల వరస తిరగబడుతుంది. కంప్యూటర్ ఆ కూత వింటూ ఎంత వేగం, ఎటువైపు అని లెక్క కట్టి, తన దగ్గరున్న పాటను అలాగే నడుపుతుంది. సూది ప్లేటులో ఏ చోట ఉందో చెప్పే గుర్తులు కూడా ఆ కూతలోనే కలిపి ఉంటాయి. 2004లో వచ్చిన సెరాటో స్క్రాచ్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఈ పద్ధతి చాలామంది డీజేలకు అలవాటైందట. మావాడు సెరాటో ప్లేటే వాడతాడు గానీ, సాఫ్ట్‌వేర్ మాత్రం ఉచితంగా దొరికేది, పేరు చివర మూడు ఎక్స్‌లుండే మిక్స్ (Mixxx).

ఇప్పుడు చెప్పండి, ఇందులో సౌండ్ కార్డు మొదటి పని ఏమిటి? పాట వినిపించడం కాదు, కూత వినడం. షాపువాడు దాని జోలికే పోలేదు. అట్ట మీద ఉన్నది చదివి, 24 బిట్, 192 కిలోహెర్ట్జ్, అంటే శబ్దాన్ని సెకనుకు లక్షా తొంభై రెండు వేలసార్లు కొలుస్తుందని ఊదరగొట్టాడు. 1000 హెర్ట్జ్ కూత వినడానికి 192 కిలోహెర్ట్జ్ కార్డు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఇంటికొచ్చి వెనక్కి తిప్పి చూస్తే ఇన్‌పుట్లు రెండు, అవుట్‌పుట్లు రెండు. ఒక్క టర్న్‌టేబుల్‌కే ఎడమ ఒకటి, కుడి ఒకటి, రెండు కన్నాలూ నిండిపోయాయి. మరి రెండో టర్న్‌టేబుల్? అది టేబుల్ మీద అలంకారంగా కూర్చుంది. రెండు ప్లేట్లతో ఆడాలంటే లోపలికి 4 చానళ్లు కావాలి. రెండు పాటలూ విడివిడిగా, వాటిని కలిపే మిక్సర్‌కి వెళ్లాలి కాబట్టి బయటికీ 4 కావాలి. ఆ ఒక్క ముక్క షాపులో చెప్పి ఉంటే సరిపోయేది. బాక్సు విప్పారు కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు, అది వేరే సంగతి.

తప్పంతా షాపువాడి మీదకు తోసేస్తే నాకు నిద్ర పట్టదు. రెండో తప్పు నాదే. "పెదనాన్నా, టర్న్‌టేబుల్ వైరు నేరుగా కార్డులో పెట్టొచ్చా?" అని వాడు అడిగాడు. "పెట్టరా, ఏమవుతుంది" అన్నాను. మా రోజుల్లో రికార్డు ప్లేయర్ వైరు తెచ్చి వాల్వు రేడియో వెనక పికప్ సాకెట్‌లో గుచ్చితే ఇల్లు ఎగిరిపోయేలా పాడేది. అందులో సెరామిక్ కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకునే భాగం) ఉండేది, అర వోల్టు దాకా తానే ఇచ్చేది. ఇప్పటి డీజేల సూది అయస్కాంతంతో పనిచేసేది. ఇచ్చేది 5 మిల్లీవోల్టుల దగ్గర. అంటే నూరో వంతు. నాలుగు దశాబ్దాల కిందటి లెక్క నోటికి వచ్చేసింది, ఎదురుగా ఉన్న సూదిని చూడలేదు.

ఆ మిక్స్ సాఫ్ట్‌వేర్‌లో సిగ్నల్ చూపించే చిన్న తెర ఉంటుంది. అంతా సవ్యంగా ఉంటే అందులో గుండ్రటి వలయం కనిపించాలి. మాకు మధ్యలో సూదిమొనంత చుక్క కనిపించింది. సెట్టింగుల్లో బూస్ట్ పెంచాం. చుక్క వలయమైంది గానీ, గాలికి ఊగే సాలెగూడులా వణికింది. కూతతో పాటు హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే మోత) కూడా పెరిగిందన్నమాట. ఆ వలయాన్ని మాత్రం మీ పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. గుండ్రంగా కాక అడ్డంగానో నిలువుగానో గీత వస్తే ఒక చానల్ తెగినట్టు. వలయం బాగానే ఉండి పాట వెనక్కి నడిస్తే ఎడమ కుడి వైర్లు తారుమారైనట్టు. ఎన్ని మీటర్లు పెట్టి కొలిచినా ఇంత తొందరగా తెలియదు.

చివరికి బెంగళూరులో ఎవరో వాడి అమ్మేస్తున్న కార్డు 6 వేలకు దొరికింది. 4 లోపలికి, 4 బయటికి. కానీ అన్నీ గట్టి సిగ్నల్ తీసుకునే లైన్ ఇన్‌పుట్లే, సూది ఇచ్చే బలహీనమైన సిగ్నల్‌ని పెంచుకునే ఫోనో లేదు. ఆ సిగ్నల్‌ని పెంచే ప్రీఆంప్ నేనే కట్టాను. 5532 ఐసీ, సూది వైపు 47 కిలో ఓమ్‌ల రెసిస్టరు, సుమారు 100 రెట్లు గెయిన్ (పెంపు). రికార్డులు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. పాడించేటప్పుడు ప్రీఆంప్ దాన్ని తిరగేయాలి, దీన్నే ఆర్‌ఐఏఏ కర్వ్ అంటారు. ఆ కర్వ్‌లో 1000 హెర్ట్జ్ దగ్గర హెచ్చుతగ్గులుండవు. దాంతో పోలిస్తే 50 హెర్ట్జ్ మాత్రం 7 రెట్లు పెరుగుతుంది. మన ఇళ్లలో కరెంటు హమ్ సరిగ్గా 50 దగ్గరే కదా! కూతకి ఈ కర్వ్‌తో పనేమీ లేదు, హమ్‌ని మేపడం తప్ప. అందుకని స్విచ్ పెట్టాను: ఒకవైపు కూత ప్లేటు, ఒకవైపు నిజం పాటల ప్లేటు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉంటే మళ్లీ అదే గోల అని రెండు 9 వోల్టుల బ్యాటరీలు పెట్టాను. మూడు రాత్రులు పట్టింది. చేతులు వణికినా టంకం మాత్రం మెరిసింది.

అయినా హమ్ పూర్తిగా పోలేదు. టర్న్‌టేబుల్ నుంచి సన్నటి వైరు ఒకటి విడిగా వస్తుంది, కొసన రెండు కాళ్ల రేకుముక్క ఉంటుంది. అది ఎర్త్ వైరు. మావాడు ఎక్స్‌ట్రా వైరనుకుని దాన్ని చక్కగా చుట్టి టేపేశాడు! విప్పి ప్రీఆంప్ ఇనప డబ్బాకి బిగించగానే సగం హమ్ పోయింది.

ఇంకో మాట మధ్యలో. వాడు కొన్న రెండు టెక్నిక్స్ 1200 టర్న్‌టేబుళ్లలో ఒకటి జపాన్‌లో అమ్మినది. వెనక రేకు మీద 100 వోల్టులని స్పష్టంగా ఉంది. నేను చూడకపోతే మన కరెంటుకి అదే రోజు మాడిపోయేది. సెకండ్ హ్యాండ్ టర్న్‌టేబుల్ కొనేవాళ్లు ముందు ఆ అంకె చదవాలి.

మిగిలిన సగం హమ్ ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే వస్తోంది, తీస్తే పోతోంది. చార్జర్ మూడో పిన్ను విరిచేస్తే పోతుందని వాడి స్నేహితుడెవరో సలహా ఇచ్చాడు. హాళ్లలో చాలామంది అదే చేస్తారట. నాకు ఒళ్లు మండింది. ఆ పిన్ను షాక్ నుంచి మనిషి ప్రాణం కాపాడటానికి ఉన్నది. పాట కోసం దాన్ని విరిచేవాణ్ణి నేను మెకానిక్ అనను. స్విచ్‌బోర్డు విప్పి చూస్తే మూడో కన్నం వెనక అసలు ఎర్త్ వైరే లేదు.

ఇంత జరిగాక కూడా మావాడు "సౌండ్ లేటుగా వస్తోంది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. వాడు ప్లేటును చటుక్కున వెనక్కి లాగి చూపించాడు. నిజమే, చెయ్యి ముందు, శబ్దం వెనక. బఫర్, అంటే ఒక్కో విడతకు పోగుచేసే శాంపిళ్ల (శబ్దం కొలతల) సంఖ్య, 1024 మీద ఉంది. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన 23 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి అనుకుంటే ఇంకా ఎక్కువ. 64కి దించితే టపటపమని పాట తెగింది. 256 దగ్గర, అంటే దాదాపు 6 మిల్లీసెకన్ల దగ్గర కుదిరింది. అదీ విండోస్‌లో ఆసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) వేశాక, వైఫై ఆపాక, కార్డును యూఎస్‌బీ హబ్‌లోంచి తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చాక. ఫంక్షన్ హాల్లో జనరేటర్ కరెంటు మీద ఇది ఎలా ఉంటుందో ఇంకో ఉత్తరం రాయాల్సిన సంగతి.

మీ సాంకేతిక పేజీ రాసేవారికి నా మనవి ఒక్కటే. "మంచి కార్డు" అని వదిలేయకండి. లోపలికి ఎన్ని, బయటికి ఎన్ని, ఫోనో ఉందా లేక లైనేనా, ఎర్త్ బిగించే మర ఉందా అన్నవి షాపులో అడిగి, బిల్లు మీద రాయించుకోమని చెప్పండి. అమ్మేవాళ్లు కూడా ఆ నాలుగు ముక్కలు అట్ట మీద తెలుగులో రాస్తే వాళ్ల సొమ్మేం పోదు.

మా తమ్ముడి ఇంటి పెరట్లో ఇప్పుడు బొగ్గు, ఉప్పు పోసి కొత్తగా ఎర్త్ గుంట తవ్వించాం. హమ్ పోయింది. ఎండాకాలం అది ఎండిపోకుండా రోజూ బిందెడు నీళ్లు పోసే పని మా మరదలి నెత్తిన పడింది. డీజే ఎవరు కొడితే నాకేం అని గొణుగుతూనే పోస్తోంది.

ఇట్లు,
ఒక పాత రేడియో మెకానిక్, తెనాలి