సుద్దాల పాటకు ట్రాక్ వద్దు

సంపాదకులకు,

అక్టోబర్ 10 తెలంగాణ సాయుధ పోరాట కవి, గాయకుడు సుద్దాల హనుమంతు వర్ధంతి. 1982లో ఆయన పోయినా పాట మాత్రం నల్లగొండ, భువనగిరి పల్లెల నోళ్లలోనే ఉంది. అలాంటి పాటను సంస్మరణ సభల్లో పెన్‌డ్రైవ్ ట్రాక్ మీద, అంటే ముందే రికార్డు చేసిన వాద్యాల మీద, పాడించడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

గొల్లలు పాడుతూ కథ చెప్పే గొల్లసుద్దుల బాణీని ఆయన ఆ పోరాటానికి మలిచారు. అందులో కథకుడు పాడతాడు, ఆగుతాడు, మాట చెప్తాడు. వంతలు, అంటే పక్కన వంతపాడేవాళ్లు, ఎదురు ప్రశ్న వేస్తారు. జనం నవ్వు సద్దుమణిగాక మళ్లీ ఎత్తుకుంటాడు. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. దాని శ్రుతి కూడా చాలామందికి ఎక్కువే, రెండో చరణానికే గొంతు పగులుతుంది.

ఒక కథకుడు, ఇద్దరు వంతలు, ఒక డప్పు చాలు. సాయంత్రం తేమకు తోలు సాగి డప్పు మొద్దుగా పలుకుతుంది. పాటకు పది నిమిషాల ముందు గడ్డిమంట మీద తిప్పుతూ కాచాలి. మంట తోలుకు తగలొద్దు, అతిగా కాస్తే అంచు దగ్గర చిట్లుతుంది. వేలితో మీటితే ఖంగుమనాలి. సభ మధ్యలో డప్పు శ్రుతి మళ్లీ దిగుతుంది, అందుకే మంట ఆరనివ్వొద్దు. డప్పు కొట్టే చిర్రపుల్ల దెబ్బకు మైకు అక్కర్లేదు, పెడితే గొంతు మునిగిపోతుంది.

ఇంకో మాట. 'మా భూమి' సినిమాతో ఊరూరికీ చేరిన 'పల్లెటూరి పిల్లగాడా'ను ఎవరో కట్టిన జానపదమని చెప్పి పాడేవాళ్లున్నారు. పాడేముందు హనుమంతు పేరు చెప్పండి. పెద్దవాళ్లు ఒక్కో ఊళ్లో ఒక్కో మాటతో పాడితే అన్నీ రాసుకోండి, దిద్దకండి.

– సుద్దాల పాటల అభిమానులు, నల్లగొండ