ఊరి రాయి మీద ఊరివాళ్ల పేర్లు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా హంగరీలోని డెబ్రెత్సెన్‌లో ఉంటోంది. మొన్న మే నెలలో నేనక్కడ ఉన్నప్పుడు చివరి ఆదివారం నాడు పక్కనున్న పల్లెకు తీసుకెళ్లింది. ఆ రోజు ఆ దేశమంతా అమరవీరులను తలచుకుంటారు. పెద్ద కవాతు ఉంటుందేమో అనుకున్నాను. చర్చి ముందు ఒక రాతి స్తంభం, చుట్టూ ఓ యాభై మంది, అంతే. జాతీయ గీతం పాడారు, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ రిబ్బను కట్టిన పూలచక్రం పెట్టారు.

హంగరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. అందుకని భాష రాకపోయినా ఆ రాయి నాకు అర్థమైంది. ఒకే ఇంటిపేరు నాలుగు వరసల్లో ఉంది. అన్నదమ్ములో, తండ్రీకొడుకులో మరి. ఒక పెద్దావిడ వంగి, అందులో ఒక పేరును అరచేత్తో తుడిచి, దాని కిందే దీపం పెట్టింది.

మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా జరుగుతుండగానే, 1917లో, ప్రతి ఊరూ తన మృతుల పేర్లతో స్మారకం కట్టాలని అక్కడ చట్టం చేశారు. 1924లో మే చివరి ఆదివారాన్ని స్మారక దినంగా నిర్ణయించారు. రెండో యుద్ధంలో సుమారు రెండు లక్షల మంది హంగరీ సైన్యాన్ని రష్యాలోని డాన్ నది ఒడ్డుకు పంపితే, 1943 జనవరిలో ఆ చలిలో అది చితికిపోయింది. తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వానికి సోవియట్ల మీదికి వెళ్లి చనిపోయినవాళ్ల ఊసే గిట్టలేదు. చాలా ఊళ్లలో ఆ పేర్లు చెక్కడానికి ఆ పాలన ముగిసిన 1989 దాకా ఆగాల్సి వచ్చింది. కొడుకు పేరు రాయి మీద చూడకుండానే ఎంతమంది తల్లులు పోయారో! స్మారక దినాన్ని 2001లో మళ్లీ చట్టం చేసి నిలబెట్టారు.

హిట్లర్ పక్షాన చేసిన ఆ యుద్ధం ముమ్మాటికీ తప్పే. కానీ పిలుపు వస్తే వెళ్లిన పల్లెటూరి కుర్రాడిని లెక్కలోంచి తీసేయడం న్యాయం కాదు. అదే డాన్ ఒడ్డున తుపాకీ కూడా ఇవ్వకుండా మందుపాతరలు తీయించిన యూదు కార్మిక దళాలవాళ్లూ ఆ ఊళ్ల బిడ్డలే. వాళ్ల పేర్లు లేని రాయి ఏ ఊళ్లో ఉన్నా అది అసంపూర్ణమే, ఇప్పటికైనా చేర్చాలి.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. పరాయి రాజు కోసం చేసిన యుద్ధం కదా అని, బ్రిటిష్ సైన్యంలో చనిపోయిన మనవాళ్లను మనం పట్టించుకోలేదు. మొదటి యుద్ధంలోనే 74 వేల మందికి పైగా భారతీయులు పోయారు. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలటరీ మాధవరం ఉంది కాబట్టి అక్కడి సైనికుల సంగతి నలుగురికీ తెలుసు. మిగతా ఊళ్ల సంగతేమిటి? మా అమ్మమ్మ తమ్ముడు బర్మా వెళ్లి తిరిగి రాలేదు. ఆయన గుర్తుగా మిగిలింది ట్రంకుపెట్టెలో ఒక పతకం మాత్రమే.

ప్రతి పంచాయతీ ఈ పేర్లు సేకరించాలి. ఎనభై దాటినవాళ్లు ఉండగానే అడగాలి. మా ఊరి వరకు నేను నోటు పుస్తకం పట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పటికి పదకొండు పేర్లు దొరికాయి. వాటిలో నాలుగింటికి ఇంటిపేరు చెప్పగలిగినవాళ్లు ఇంకా దొరకలేదు.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, తణుకు