రంగు చూసి జాతి అనకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో జాతి కోళ్ల గురించి వేసింది చదివినప్పట్నుంచి మనసు కుదురుగా లేదండి, నాలుగు రోజులు ఆగి ఇప్పుడు రాస్తున్నా. డేగ జాతి, కాకి జాతి, నెమలి జాతి అని ఫొటోలేసి పక్కన రేట్లు కూడా వేశారు, మంచి రంగున్న పెద్ద పుంజుని చూసుకుని పెట్టల్లో వదిలితే చాలన్నారు. అయ్యా, అవి ఈకల రంగుని బట్టి పిలిచే పేర్లు. జాతి అసీల్, అంటే మన పందెం కోడి. ఒకే పెట్ట కింద డేగా దిగుతుంది, కాకీ దిగుతుంది. ఊళ్లో ఎవర్నడిగినా చెప్పేవాళ్లు కదా.

రంగు చూసి నేనూ మోసపోయా. మూడేళ్ల కింద ఒక పుంజూ మూడు పెట్టలూ కొన్నా. తురాయి తలకి అతుక్కుని, బఠాణీలు పేర్చినట్టు మూడు వరసలుగా ఉంది, అసీల్‌కి అలాగే ఉండాలి కూడా. 21 రోజులకి 11 పిల్లలు దిగాయి. కాస్త పెరిగేసరికి మూడింటికి రంపం పళ్లలా నిలువు తురాయి లేచింది. అంటే పుంజు వైపూ పెట్టల వైపూ ఎప్పుడో వేరే రక్తం కలిసింది, బఠాణీ తురాయి దాన్ని కప్పేస్తుంది కాబట్టి పెద్దవాటిని ఎంత చూసినా తెలీదు, పిల్లలు దిగాకే బయటపడుతుంది.

పోనీ ఒంటి తీరైనా చూడమని రాశారా అంటే అదీ లేదు. పుంజుని చంకలో పెట్టుకుని రొమ్ము ఎముక మీద వేలు పైనుంచి కిందికి జరిపితే వంకరుందో లేదో తెలుస్తుంది, ఈకల్లో కంటికి కనపడదు. మొన్న నిగనిగలాడే డేగ పుంజుని ఆ వంకర వల్లే పక్కన పెట్టేశా, ఇంట్లోవాళ్లు ఎంత బాధపడ్డారో. కాలివేళ్లు, ముక్కు సంగతి రాయలేదు, తోడబుట్టినవాటిని కలపొద్దని రాయలేదు. అన్నిటికన్నా ముఖ్యం, పుంజుని మార్చాక మూడు వారాల దాకా ఆ పెట్టల గుడ్లు పొదగెయ్యకూడదు, పాత పుంజు విత్తనం పెట్ట కడుపులో అన్నాళ్లుంటుంది. ఇది తెలీకపోతే మిగతాదంతా చేసీ దండగే.

పశువుల శాఖ ఆఫీసుల్లోనూ ఇదే తీరు. అసీల్ గురించి అడగబోతే వనరాజా, గ్రామప్రియ పిల్లలు పట్టుకెళ్లమన్నారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పెరటి పెంపకానికని తయారుచేసినవి, మంచివే, కాదనను. కానీ వాటి పుంజులు ఊళ్లో తిరుగుతూ మా పెట్టలతో కలిస్తే ఎలా అంటే జవాబు లేదు. అసీల్ పుట్టిన ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని ప్రభుత్వ రికార్డుల్లోనే ఉంది, అయినా ఏ పెట్టకి ఏ పుంజు అని రాసిపెట్టే పుస్తకం మా మండలంలో నేనైతే చూళ్లేదు. మధ్యప్రదేశ్‌లో ఝాబువా వాళ్లు తమ నల్లకోడి కడక్‌నాథ్‌కి 2018లోనే జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకని ప్రభుత్వమిచ్చే గుర్తింపు, తెచ్చుకున్నారు. మన అధికారులకి కోడి గుర్తొచ్చేది సంక్రాంతి బరుల మీద దాడులప్పుడు. పందేలు నేరమే, నేనూ పందేలకి పెంచను, కానీ మిగతా పదకొండు నెలలూ జాతిని పట్టించుకునేదెవరు? పుంగనూరు ఆవుకీ ఇదే గతి పడుతోంది, పొట్టిగా ఉంటే చాలు పుంగనూరే అని అంటగట్టేస్తున్నారు.

దయచేసి రంగుల పేర్ల తప్పు సరిచేసి, ఆ మూడు వారాల సంగతైనా వెయ్యండి. మా ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు మీ పేపర్ కటింగ్ పట్టుకుని పుంజు కొనడానికి బయల్దేరితే ఆపడానికి నాకు ఒక పూట పట్టింది.

– ఒక కోళ్ల రైతు, పశ్చిమ గోదావరి జిల్లా